మూడో పాదం తప్ప

2006 నవంబరు 16, గురువారం. చోటు: హైదరాబాదు, అమీర్‌పేట, మైత్రీవనం వెనక సందులో ఒక భవనం, నాలుగో అంతస్తు. హాజరు: నా కూతురి కూతురు షారన్, పాడుతుంది, గిటారు కూడా వాయిస్తుంది, ఉద్యోగం సాఫ్ట్‌వేర్ కంపెనీలో; వంశీ, పెద్ద గిటారు, ఊరు తెనాలి; మల్లేశ్, డ్రమ్ములు, ఊరు ఇదే; నేను, దేవదానం, రైల్వే గార్డుగా చేసి రిటైరైనవాణ్ణి, ఊరు నిడదవోలు.

డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలుపెట్టాను. బండి కదిలేముందు ఎవరెవరు ఉన్నారో రాసుకోవడం ఉద్యోగంలో అలవాటు. రిటైరై పదేళ్ళయినా అది పోలేదు. నాలుగు రోజుల ఈ ప్రయాణం గురించి మా చర్చి మిత్రులు పదే పదే అడుగుతున్నారు, రాక్ బ్యాండు అంటే ఏమిటి, నువ్వు అక్కడ ఏం చేశావు అని. అందరికీ ఒకేసారి చెప్పినట్టు ఉంటుందని రాస్తున్నాను.

నాలుగో అంతస్తు

ముగ్గురు పిల్లల బ్యాండు పేరే అది, ‘నాలుగో అంతస్తు’. వాళ్ళ మొదటి ఆల్బం పేరు ‘లిఫ్ట్ పనిచేయదు’. ఎనిమిది పాటలు, అన్నీ తెలుగులోనే. ఇక్కడ ఇలాంటి బ్యాండులు చాలావరకు ఇంగ్లీషులో పాడతాయట. తెలుగులో పాడతామంటే మొదట్లో సినిమా పాటలా అని అడిగేవారట. శనివారం సాయంత్రం పంజాగుట్టలో విడుదల. నన్ను పిలిచింది దానికే.

పాటలు రికార్డు చేసే చోటంటే అద్దాల గది, పెద్ద పెద్ద యంత్రాలు ఊహించుకున్నాను. వెళ్ళి చూస్తే వంశీ అద్దెకుండే రెండు గదుల్లో లోపలిది. గోడల నిండా గుడ్ల అట్టలు అతికించి, వాటి మీద బొంతలు వేలాడదీశారు. కిటికీకి పరుపు అడ్డం పెట్టారు. ఒక కంప్యూటరు, రెండు మైకులు. ఫ్యాను తిరిగితే చప్పుడు మైకులోకి వస్తుందని ఆపేస్తారు. అయిదు నిమిషాలు కూర్చుంటే చొక్కా తడిసిపోతుంది.

కింది మూడు అంతస్తులూ కంప్యూటరు కోచింగ్ సెంటర్లు. ఉదయం ఆరు గంటలకే మైకులో పాఠాలు మొదలవుతాయి. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడు దాకా బ్యాచీలకు భోజన విరామం. భవనమంతా నిశ్శబ్దంగా ఉండేది ఆ రెండు గంటలే. అందుకని ఆల్బం మొత్తం ఒంటి గంటకీ మూడింటికీ మధ్యే, శని ఆదివారాల్లో రికార్డు చేశారు. అయిదు నెలలు పట్టింది. ఒక పాటలో డ్రమ్ములు ఆగినచోట చెవిపెట్టి వింటే కింది నుంచి ఒక మాస్టారి గొంతు, “డౌట్లున్నాయా?” అంటుంది. ఆయన ఒకరోజు విరామం సగంలోనే పాఠం మొదలుపెట్టేశాడట.

“తీసేయడానికి రాలేదా?” అని అడిగాను.

“వస్తది తాతా. నేనే వద్దన్న,” అన్నాడు మల్లేశ్. “ఆయన సుత మా బ్యాండోడే. పైసలు అడగడు, రిహార్సల్‌కి లేటు చేయడు.”

మధ్యాహ్నం భోజనానికి సందు చివరి మెస్సుకి తీసుకెళ్ళారు. పప్పు, గోంగూర పచ్చడి, వంకాయ కూర, పలచటి చారు. ముప్పై రూపాయలు, ఎంత తిన్నా అంతే. రుచి మా వైపుదే, వడ్డించే వేగం మాత్రం మా వైపుది కాదు. విస్తట్లో అన్నం ఉండగానే వెనక ఒకడు వచ్చి కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడతాడు. నా పక్కన కూర్చున్నాయన శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చాడు. వయసు నలభై దాటింది. బడిపంతులు పని మానుకొని కంప్యూటరు నేర్చుకుంటున్నాడు. నన్ను చూసి మర్యాదగా అడిగాడు, “మీరు ఏ కోర్సండీ?” నాకు అరవై ఎనిమిదేళ్ళు. మా ఊళ్ళో కొత్తవాణ్ణి చూస్తే ఎవరి తాలూకు అని అడుగుతారు. అమీర్‌పేటలో అడిగేది ఈ ఒక్క ప్రశ్నే.

అట్ట మీద రాసింది

తిని వచ్చేసరికి సీడీల పెట్టెలు వచ్చి ఉన్నాయి. అయిదు వందలు. షారన్ ఒకటి విప్పి నా చేతిలో పెట్టింది. లోపలి కాగితం మీద పాటల వివరాలు అచ్చువేశారు. నేను మొదటి నుంచీ చదువుకుంటూ వచ్చాను. ఎనిమిదోది: ‘తడి చొక్కా. మాటలు: షారన్. బాణీ: సంప్రదాయం.’

పాట వినిపించమన్నాను. వినగానే తెలిసింది. షారన్ చిన్నప్పుడు మా ఇంట్లో నేను నేర్పిన క్రిస్మస్ పాట బాణీ అది. మాటలు మార్చింది, అంతే.

“ఇది సంప్రదాయం కాదమ్మా,” అన్నాను.

“నిన్ను అడిగాను తాతయ్యా, ఎవరిదని. పాత పాటమ్మా అన్నావు.”

“అన్నాను.”

“మరి?”

“తప్పు చెప్పాను.”

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. పాట దేవుడిదని, కట్టినవాళ్ళ పేరు కాగితం మీద వేయరు. క్రిస్మస్ ముందు సైక్లోస్టైల్ కాగితాలు పంచేవాళ్ళం, మాటలు మాత్రమే ఉండేవి. రెండేళ్ళు తిరిగేసరికి ఆ పాట పక్క ఊళ్ళో పాడేవారు. పదేళ్ళకి అందరూ పాత పాట అనేవారు. కట్టినప్పుడు ఎదురుగా కూర్చున్న నేను కూడా అలాగే అనడం మొదలుపెట్టానన్నమాట.

ఇంటికి ఫోను చేసి మా అమ్మాయి రూతుని 1973 డైరీ తీయమన్నాను. డైరీలు సంవత్సరాల వరసన ఉంటాయి కాబట్టి వెతుక్కునే పని లేదు. డిసెంబరు పేజీలు చదివింది. “పద్దెనిమిది. సుగుణమ్మ టీచర్ గారు కొత్త పాట కట్టి హార్మోనియం మీద వినిపించారు. మంచి పాట. హాజరు ఆరుగురు.” తరవాత, “ఇరవై రెండు. వీధుల్లో పాడాము. మూడో పాదం విషయమై టీచర్ గారు కోప్పడ్డారు. చలి ఎక్కువ.” ఎందుకు కోప్పడ్డారో రాయలేదు. నాకూ గుర్తు రాలేదు.

సుగుణమ్మ గారు మా ఊరి మిషన్ స్కూల్లో సంగీతం, లెక్కలు చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక హైదరాబాదులో అక్కగారి దగ్గరికి వెళ్ళిపోయారు.

వంశీ నెమ్మదస్తుడు. కాసేపు ఆలోచించి అన్నాడు, “తాతయ్య గారూ, మీరు తప్పుగా అనుకోకండి. ప్రతి పాత పాటా ఎప్పుడో ఎవరో కట్టిందే కదండీ. అందరి పేర్లూ వెతుకుతూ కూర్చుంటామా?”

“అందరి సంగతీ నాకు తెలియదు బాబూ. ఈవిడ సంగతి తెలుసు.”

“ఎల్లుండి రిలీజండీ. కాగితాలు అచ్చయిపోయాయి.”

షారన్ కాగితం చూస్తూనే అడిగింది, “ఆవిడ ఉన్నారా తాతయ్యా?”

ప్రతి జనవరిలోనూ నా జేబు డైరీలోకి చిరునామాలన్నీ మళ్ళీ ఎక్కించుకుంటాను. ఉత్తరాలు ఆగిపోయినవాళ్ళవి కూడా. తీసి చదివాను. మధురానగర్.

“అది నడిచిపోయే దూరమే తాతా,” అన్నాడు మల్లేశ్. “పొద్దుగాల పోదాం. ఆమె తిడితే నేను ముంగట నిలవడి తింట. మా నాయన పుణ్యాన నాకు అలవాటే.”

మధురానగర్

శుక్రవారం ఉదయం బయల్దేరాం. మైత్రీవనం ముందు నడవడం అంటే కరపత్రాల వానలో నడవడమే. ప్రతి పది అడుగులకీ ఎవరో ఒకరు చేతిలో కాగితం పెడతారు. ఉచిత డెమో, వంద శాతం ఉద్యోగం. ఇచ్చినదాన్ని పారేయడం నాకు చేతకాదు. మధురానగర్ చేరేసరికి ఇరవై మూడు పోగయ్యాయి. వెనక వైపు తెల్లగా ఉన్నవి ఇప్పటికీ రాసుకోవడానికి వాడుతున్నాను.

చిరునామాలో ఉన్న ఇల్లు ఇప్పుడు లేడీస్ హాస్టలు. గేటు పక్కన బోర్డు మీద నల్లరంగు అక్షరాలు గుండ్రంగా, బడి నల్లబల్ల మీద రాసినట్టు ఉన్నాయి. ‘రాత్రి తొమ్మిది తరవాత గేటు తీయబడదు. కారణాలు చెప్పవద్దు. మగవారు గడప బయట.’ ఆ చేతిరాత చూడగానే సరైన ఇంటికే వచ్చామని తెలిసింది.

ముందు గదిలో టీచర్ గారు చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. డెబ్భై నాలుగేళ్ళు. సన్నబడ్డారు, వెన్ను మాత్రం వంగలేదు.

“నేనండీ టీచర్ గారూ. దేవదానాన్ని. నిడదవోలు.”

కళ్ళజోడు సర్దుకొని చూశారు. “లావయ్యావు,” అన్నారు. “కూర్చో. ఆ పిల్ల ఎవరు? హాస్టల్ కోసమైతే ఖాళీల్లేవు.”

“నా మనవరాలండీ.”

బోర్డు మీది నియమం నాకు వర్తించలేదు. వంశీనీ మల్లేశునీ మాత్రం గడప బయట మెట్ల మీద కూర్చోబెట్టారు. అక్కగారు పోయి ఆరేళ్ళయిందట. ముప్పై మంది పిల్లలు, ఒక వంటమనిషి, ఈవిడ. సంగతంతా నేను చెప్పాను, వరసగా, ఏదీ దాచకుండా. ఆవిడ చిక్కుళ్ళు వలుస్తూనే విన్నారు.

“వినిపించమ్మా.”

షారన్ చేతిలో ఇమిడే సీడీ ప్లేయరు తెచ్చింది. టీచర్ గారు కొంగు సర్దుకొని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. పాట నాలుగు నిమిషాలు. ఆవిడ చేతులు ఒక్కచోట ఆగాయి, మళ్ళీ కదిలాయి. అయ్యాక తీసి పక్కన పెట్టారు.

“మాటలు నీవేనా?”

“అవునండీ.”

ఆ మాటలు ఇవి.

దండెం మీద తడి చొక్కా
తెల్లవారితే ఇంటర్వ్యూ
ఎండా, ఇటు ఒకసారి రావా
ఎవరినీ అడగకుండా

“చొక్కా గొడవేమిటి?”

“ఇంటర్వ్యూలకి తిరిగేవాళ్ళకి మంచి చొక్కా ఒక్కటే ఉంటుందండీ. ముందురోజు ఉతుకుతారు. వాన పడుతుంది.”

“ఉంటుంది. మా పిల్లలు ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టబోయి మొన్న ఫ్యూజు కొట్టేశారు.” ఇంకో చిక్కుడుకాయ తీసుకున్నారు. “మాటలు బాగున్నాయి. గోల ఎక్కువ. బాణీ నాదే. మూడో పాదం నాది కాదు.”

షారన్ నా వైపు చూసింది. టీచర్ గారు కూడా చూశారు.

“ఏమయ్యా దేవదానం, ఇంకా కిందికే దించుతున్నావా?”

అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ పాటలో మూడో పాదం ‘చుక్కా, మా వీధికి రావా’ అని ఉండేది. అక్కడ గొంతు పైకి వెళ్ళాలి. వీధి పాటల్లో ముందు పాడేది నేను. నాకు ఆ ఎత్తు అందదు. అందక కిందికి దించేశాను. ముందువాడు ఎటు పోతే వెనకవాళ్ళు అటే, పాతికమందీ దించారు. షారన్‌కి నేర్పిందీ ఆ దించిన పాదమే. ఇప్పుడు అయిదు వందల సీడీల్లో ఉన్నదీ అదే.

“చుక్కని పిలిచేటప్పుడు ఎవరైనా నేల చూపులు చూస్తారా అని ఆరోజే అడిగాను. చలండీ అన్నావు.”

“అన్నానండీ.”

ఆవిడ మూడో పాదం పాడి వినిపించారు. గొంతు సన్నగా వణికింది, కానీ ఎక్కాల్సిన చోటికి ఎక్కింది. షారన్ పాడింది. కాదన్నారు. మళ్ళీ పాడింది. మూడోసారికి తల ఊపారు. మెట్ల మీంచి మల్లేశ్, “మస్తుంది అమ్మా,” అన్నాడు.

“నువ్వేం వాయిస్తావు?” అని గుమ్మం వైపు తిరిగి అడిగారు.

“డ్రమ్స్ అమ్మా.”

“నువ్వేనా,” అన్నారు.

షారన్ మొహం ఎర్రబడింది. “మళ్ళీ రికార్డు చేస్తానండీ,” అంది. బయట వంశీ గట్టిగా దగ్గాడు.

“అన్నీ అయిపోయాక మళ్ళీ ఎందుకు? పేరు అడగడానికి వచ్చారు. ముప్పై మూడేళ్ళు పేరు లేదు, నేనూ అడగలేదు. వేయకపోతే నాకు నష్టం లేదు. వేస్తే మాత్రం నేను చేయనిది నా మీద పెట్టకండి. మూడో పాదం తప్ప అని వేయండి. అలా వేయలేకపోతే ఇప్పుడున్నట్టే ఉంచేయండి.”

అందరికీ మజ్జిగ ఇచ్చారు. మెట్ల మీదివాళ్ళకి గ్లాసులు కిటికీలోంచి అందాయి.

రబ్బరు స్టాంపు

దారి పొడుగునా వంశీ, షారన్ వాదించుకున్నారు. అలా వేయాలంటే రబ్బరు స్టాంపు ఒకటే మార్గమని తేలింది. వంశీ బాధ వేరు. పంజాగుట్టలో ఒక సీడీ దుకాణంవాడు సోమవారం నుంచి వీళ్ళ ఆల్బం కౌంటరు మీద పెడతానన్నాడు. సినిమావి తప్ప వేరే తెలుగు సీడీ అక్కడ ఇంతవరకూ లేదు. వస్తువు నీటుగా ఉండాలని మరీ మరీ చెప్పాడట.

“పేరు ఒక్కటీ అయితే సరే. మూడో పాదం తప్ప అని కొడితే నవ్వరూ? ఇదేంటని మొదటి మాటే అడుగుతాడు.”

“అడిగితే చెబుదాం.”

“ఎన్నిసార్లు చెబుతావే?”

“అయిదు వందలసార్లు,” అంది షారన్.

నేను కలగజేసుకోలేదు. తప్పు నాది, సీడీ వాళ్ళది. మల్లేశ్ మాత్రం, “వంశీ అన్నా, పాట మనకి ఫ్రీగ వచ్చింది. జర ఇజ్జత్ అన్నా ఇద్దాం,” అన్నాడు. వంశీ మాకంటే ముందు నడవడం మొదలుపెట్టాడు.

స్టాంపులు చేసేవాడు ఒక మెట్ల కింద కూర్చుంటాడు. ముందు ‘ఇచ్చట అన్ని రకముల స్టాంపులు’ అని బోర్డు. సర్టిఫికెట్ల నకళ్ళ మీద కొట్టేవి, కంపెనీల గుండ్రటి ముద్రలు. కాగితం మీద మేము రాసిచ్చింది రెండుసార్లు చదివాడు: ‘బాణీ: సుగుణమ్మ టీచర్, నిడదవోలు (మూడో పాదం తప్ప)’.

“అంతా కరెక్టుగా ఉందని కొట్టే స్టాంపులే చేసిన సార్ గింతకాలం,” అన్నాడు. “ఒకటి తప్ప అని చెప్పే స్టాంపు ఇదే ఫస్టు.” గంటలో ఇచ్చాడు.

తెచ్చి కొడితే నునుపు కాగితం మీద సిరా ఆరలేదు. వేలు తగిలితే చెదిరిపోయింది. నలభై పాడయ్యాక ఆపాం. నేను మళ్ళీ వెళ్ళాను. స్టాంపులాయన నవ్వి, పాల ప్యాకెట్ల మీద తేదీలు కొట్టే సిరా ఒక సీసా ఇచ్చాడు. ముందే అడగాల్సింది. కాగితం ముక్క పట్టుకెళ్ళి చూపించకపోవడం నా పొరపాటు.

పార్సెలు ఆఫీసులో చేసినట్టు పని పంచాను. షారన్ అట్టలోంచి కాగితం తీస్తుంది, నేను స్టాంపు కొడతాను, మల్లేశ్ నేల మీద వరసగా పరుస్తాడు. బొంతలు తీసేసి, ఫ్యాను వేశాం. డ్రమ్ముల మధ్య నుంచి గుమ్మం దాకా వరసలు వచ్చాయి. వంశీ మూల కుర్చీలో గిటారు తీగలు మారుస్తూ కూర్చున్నాడు. వందో, నూటపదో అయ్యాక లేచి వచ్చాడు.

“వంకరగా పడుతోందండీ. ఇలా ఇవ్వండి.”

ఒక అట్టముక్క కొలత ప్రకారం కత్తిరించి, దాని అంచుకి ఆనించి కొట్టడం మొదలుపెట్టాడు. మిగతావన్నీ అతనే కొట్టాడు. ఒక్కటీ వంకర పోలేదు.

ఆ మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడు దాకా మాత్రం స్టాంపు ఆపి, షారన్ మూడో పాదం సాధన చేసింది. శనివారం కూడా అంతే. విడుదల సభలో టీచర్ గారు కట్టినట్టే పాడాలని పట్టు.

పంజాగుట్ట

సభ ఒక కాలనీ సంఘం వారి హాల్లో. మేము వెళ్ళేసరికి వేదిక మీద బుడగల తోరణం ఉంది, మధ్యలో పెద్ద అక్షరాలతో పుట్టినరోజు శుభాకాంక్షలు. మధ్యాహ్నం ఎవరి పిల్లాడిదో మొదటి పుట్టినరోజట. అలంకరణవాడు రాత్రి వచ్చి విప్పుకుంటానన్నాడు, చెయ్యి పెట్టనివ్వలేదు. మల్లేశ్ తన డ్రమ్ములు ఆ తోరణం కిందే అమర్చుకున్నాడు. “ఆల్బం సుత ఇయ్యాలే పుట్టింది కదా,” అన్నాడు.

మొదలయ్యే ముందు వంశీ చౌరస్తా దగ్గర ఇరానీ చాయ్ తాగించాడు. నాలుగు రూపాయలు, బిస్కెట్ వేరే. మా ఊళ్ళో టీ నిలబడి తాగి గ్లాసు పెట్టేసి పోతాం. అక్కడ ఒక టీ మీద గంట కూర్చున్నా ఎవరూ లెమ్మనరు. మెస్సులో కుర్చీ వెనక నిలబడేవాళ్ళే ఇక్కడ గంటలు కూర్చుంటారేమో.

జనం రెండు వందల దాకా వచ్చారు. ఎక్కువమంది కోచింగ్ పిల్లలు, మెడలో ఐడీ కార్డులతో ఆఫీసు పిల్లలు. శ్రీనగర్ కాలనీ నుంచి నలుగురు పెద్దవాళ్ళు పుట్టినరోజు అనుకొని లోపలికి వచ్చి, అయినా కూర్చున్నారు. మూడో వరసలో టీచర్ గారు. వస్తారని నేను అనుకోలేదు. హాస్టలు పిల్లలు నలుగుర్ని వెంటబెట్టుకొని వచ్చారు.

రాక్ ఎలా ఉంటుందంటే, స్టేషన్లో ఆగని గూడ్సు బండి పక్కన నిలబడినట్టు ఉంటుంది. ముందు కాళ్ళ కింద తెలుస్తుంది, తరవాత చెవిలో. చెవుల్లో దూది పెట్టుకొని వెళ్ళాను. ఎనిమిదో పాటకి తీసేశాను.

షారన్ మైకు దగ్గరికి వచ్చి చెప్పింది. “ఈ పాట బాణీ సుగుణమ్మ టీచర్ గారిది. సీడీలో మూడో పాదం మా తాతయ్య పాడు చేసింది. ఇవాళ టీచర్ గారిదే పాడతాను.” జనం నవ్వి నా వైపు తిరిగారు. నేను కూర్చున్నచోటే నమస్కారం పెట్టాను.

మొదటి చరణంలో మూడో పాదం పైకే వెళ్ళింది. రెండో చరణంలోనూ వెళ్ళింది. మూడో చరణానికి వంశీ గిటారు పెంచాడు, మల్లేశ్ కళ్ళు మూసుకున్నాడు. షారన్ కూడా కళ్ళు మూసుకుంది. ‘ఎండా’ అంటూనే గొంతు కిందికి దిగిపోయింది. ఆరేళ్ళ వయసులో నేను నేర్పినట్టే దిగింది. పాట చివరిదాకా అలాగే పాడింది.

నేను టీచర్ గారి వైపు చూశాను. మొహంలో ఏ మార్పూ లేదు. పాట అయ్యాక లేచి, పిల్లల్ని లెక్కపెట్టుకొని వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒక అమ్మాయి చేతిలో సీడీ ఉంది.

అందరూ బిర్యానీ తింటుంటే షారన్ ప్లేటు ముట్టుకోలేదు. “రెండు రోజులు సాధన చేసి, ఆవిడ ఎదురుగానే దించేశాను తాతయ్యా. మాట ఇచ్చి మరీ.”

“నేర్పింది నేను.”

“పాడింది నేను,” అంది.

ఆదివారం ఉదయం

మర్నాడు ఏడు గంటలకి షారన్ నన్ను లేపి, టీచర్ గారి దగ్గరికి వెళదామంది. క్షమించమని అడగకుండా ఉండలేనంది. చర్చి వేళకి ముందే చేరాం.

టీచర్ గారు తెల్లచీర కట్టుకొని, బైబిలు ఒళ్ళో పెట్టుకొని ముందు గదిలో కూర్చున్నారు. మేడ మీద ఎవరో కంప్యూటర్లో సీడీ పెట్టారు. మెట్ల మీదికి గిటారు చప్పుడు వస్తోంది. మేడ మీద బట్టలు ఆరేస్తున్న అమ్మాయి దానితోపాటు పాడుతోంది.

షారన్ నోరు తెరిచేలోపు ఆవిడే అన్నారు, “రాత్రి రెండు రకాలుగానూ పాడావు.”

“అవునండీ. కావాలని కాదు.”

“కావాలని కాదని తెలుస్తూనే ఉంది. పైకి వెళ్ళినప్పుడు జాగ్రత్తగా పాడావు. దిగినప్పుడు పాడావు.”

షారన్ తల దించుకుంది.

“నేను చుక్కని పిలిచాను. అప్పటికి ఇంకా, పిలిస్తే వస్తుందనుకునేదాన్ని. నీ చొక్కావాడికి ఎండ వస్తుందన్న నమ్మకం లేదు. వాడు అలా దిగే పిలుస్తాడు. రాత్రంతా ఆలోచించాను. తప్పు పట్టడానికి దొరకలేదు.” పైకి చెవి పెట్టారు. “తెల్లవారి నుంచీ ఇదే. ఒక్కతీ పైకి వెళ్ళడం లేదు.”

బైబిలు కింద నుంచి సీడీ కాగితం తీశారు. దాని మీద వంశీ తిన్నగా కొట్టిన స్టాంపు. “మళ్ళీ అచ్చువేస్తే ఈ చివరి మాటలు తీసేయండి. పేరు చాలు. నా దాంట్లో ఇప్పుడే తీసేస్తాను,” అని బల్ల మీది బ్లేడు అందుకున్నారు.

నేను ఆపాను. రైల్వేలో రాసినదాన్ని గీకకూడదు. ఒక్క గీత కొట్టాలి, కింద ఉన్నది చదవగలిగేలా. పక్కన సంతకం, తేదీ. అదే చెప్పాను.

“అయితే గీత నువ్వు కొట్టకు,” అని నా జేబులో పెన్ను ఆవిడే తీసుకున్నారు. ‘మూడో పాదం తప్ప’ మీద అడ్డంగా గీత గీసి, సంతకం చేసి, 19-11-2006 అని వేశారు. సాక్షి సంతకానికి కాగితం నా వైపు తిప్పారు. నేను చేస్తుండగా మేడ మీది అమ్మాయి మూడో పాదానికి వచ్చి కిందికి దిగింది. టీచర్ గారు తల ఎత్తలేదు.

“టైం కూడా వెయ్యి,” అన్నారు.

ఏడూ నలభై. వేశాను.